భాస్కరాచార్యుడు ఎవరి పూర్వీకుడు? శాస్త్రజ్ఞుల వంశం గురించిన మాటలను సరిచూసుకోవడం ఎలా

ప్రసిద్ధుడైన శాస్త్రజ్ఞుడికి బతికున్నప్పటికంటే పోయిన తర్వాతే చుట్టాలు ఎక్కువవుతారు. ఆర్యభటుడు మా ప్రాంతంవాడు, భాస్కరాచార్యుడు మా గోత్రంవాడు, ఫలానా ఇంటిపేరువాళ్లంతా ఆయన సంతతే అంటూ ఫోనుకు వచ్చే సందేశాలు మీరూ చూసే ఉంటారు. వాటిని నమ్మేయనూ అక్కర్లేదు, కొట్టిపారేయనూ అక్కర్లేదు. సరిచూసుకోవచ్చు. దానికి సంస్కృత పండితులై ఉండాల్సిన పని లేదు. ఓపిక, ఒక తెల్లకాగితం, చిన్నప్పటి కూడికలూ తీసివేతలూ చాలు. 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడిని ఉదాహరణగా తీసుకుంటాను. ఆయన విషయంలో గట్టి ఆధారాలూ ఉన్నాయి, అల్లిన కథలూ ఉన్నాయి. రెండింటినీ విడదీయడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి మనిషి దొరకడు.

ముందు మాటను ముక్కలు చేయండి

ఇలాంటి సందేశం ఒకటి వచ్చిందనుకుందాం: "కవి త్రివిక్రముడి వంశంలో పుట్టిన శాండిల్య గోత్రీకుడు భాస్కరాచార్యుడు బీజాపూర్‌వాడు. బాలవితంతువైన కూతురు లీలావతి పేరనే గణిత గ్రంథం రాశాడు. ఆయన వంశస్థులు నేటికీ ఉన్నారు."

చదివితే ఒకే విషయంలా అనిపిస్తుంది. కానీ ఇందులో పూర్వీకుడు, గోత్రం, ఊరు, కూతురు, నేటి వారసులు అనే అయిదు వేర్వేరు విషయాలున్నాయి. ఒక్కొక్కదాన్ని ఒక్కో వరుసలో రాసుకోండి. ప్రతి వరుస పక్కన మూడు గడులు గీయండి: ఈ మాట మొదట ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఆయనకు ఆ సంగతి తెలిసే దారి ఏది. మిగతా పనంతా ఆ గడులు నింపడమే. ముక్కలు చేయకపోతే, నిజమైన ఒక్క ముక్క తక్కిన నాలుగింటినీ మోసుకుపోతుంది. గోత్రం నిజమని తేలగానే కూతురి కథ కూడా నిజమేనని ఊరుకుంటాం.

ఆయన తన గురించి ఏం చెప్పుకున్నాడు?

గడులు నింపడం శాస్త్రజ్ఞుడి సొంత రచనతోనే మొదలుపెట్టండి. మన పాత గ్రంథకర్తలు తమ గురించి చెప్పుకునేది తక్కువ. చెప్పుకుంటే గ్రంథం చివర ఒకటి రెండు శ్లోకాలు. భాస్కరుడి ఖగోళ గ్రంథం "సిద్ధాంత శిరోమణి"లో గోళాధ్యాయం అనే భాగం చివరకు వెళ్లి చూడండి. "రసగుణపూర్ణమహీ" అని మొదలయ్యే శ్లోకంలో ఆయన పుట్టిన శక సంవత్సరం ఉంది. రసాలు 6, గుణాలు 3, పూర్ణం అంటే సున్నా, మహి అంటే భూమి, అది 1. ఇలా మాటల్లో చెప్పిన అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చాలి: 1036. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం 1114. అదే శ్లోకం రెండో సగంలో, ముప్పై ఆరో ఏట ఈ గ్రంథం రాశానన్నాడు, అంటే 1150. ఎవరో లెక్కగట్టిన తేదీలు కావివి, ఆయనే ఇచ్చినవి.

ఆ దగ్గరలోనే తండ్రి పేరు మహేశ్వరుడనీ, తమది శాండిల్య గోత్రమనీ, సహ్య పర్వతాన్ని ఆనుకుని ఉన్న విజ్జడవిడం అనే ఊరనీ చెప్పాడు. మీ కాగితంలో గోత్రం వరుస ఇక్కడితో నిండింది. మొదట అన్నది ఆయనే, తెలిసే దారి గురించి అడగాల్సిన పనే లేదు.

అందరూ ఇంత దయగా ఉండరు. బ్రహ్మగుప్తుడు తాను జిష్ణువు కొడుకునన్నాడు, 550వ శక సంవత్సరంలో ముప్పై ఏళ్లవాడినన్నాడు. వరాహమిహిరుడు తండ్రి ఆదిత్యదాసుడి పేరు చెప్పి, తాను అవంతివాడినన్నాడు. ఆర్యభటుడు తన వయసు ఒక్కటే చెప్పాడు: కలియుగంలో 3600 ఏళ్లు గడిచేసరికి తనకు ఇరవై మూడు. దాన్నిబట్టి ఆయన పుట్టింది 476లో. తండ్రి పేరు లేదు, గోత్రం లేదు, కులం లేదు. కుసుమపురంలో ఆదరణ పొందిన జ్ఞానాన్ని చెబుతున్నానన్నాడే కానీ అక్కడ పుట్టానని అనలేదు. అశ్మక దేశంతో ఆయనకున్న సంబంధం 7వ శతాబ్దపు వ్యాఖ్యాత రాతల్లోంచి, జననం గురించిన స్పష్టమైన మాట ఇంకా వందల ఏళ్ల తర్వాతి నీలకంఠ సోమయాజి రాతల్లోంచి వచ్చాయి. కాబట్టి ఆర్యభటుడి కులగోత్రాలు ఇవీ అని ఎవరైనా గట్టిగా చెబితే మొదటి గడి దగ్గరే ఆపి అడగండి. పేరును "ఆర్యభట్ట" అని రాసి, ఆ ద్విత్వంలోంచి కులాన్ని లాగేవారు చాలామంది. ఆయన గ్రంథంలో పేరు ఆర్యభట అనే ఉంది, ఛందస్సుకు కుదిరేదీ అదే.

సొంత మాట గట్టిదే, కానీ దానికీ ఒక హద్దుంది. తండ్రి, తాత, ఊరు, వయసు వరకు మనిషి మాట నమ్మవచ్చు. అంతకుముందు తరాల విషయంలో ఆయన కూడా విన్నదే చెబుతాడు. న్యూటన్‌నే చూడండి. తండ్రి సంతకం చేయడం కూడా రాని రైతు, కొడుకు పుట్టకముందే పోయాడు. 1705లో నైట్ బిరుదు వచ్చాక న్యూటన్ తన వంశవృక్షాన్ని ప్రమాణపూర్వకంగా అక్కడి వంశావళుల కార్యాలయానికి సమర్పించాడు. మా మూలాలు స్కాట్లాండ్‌లో ఉన్నాయని ఆయనే అన్నట్టు మరో మాట తర్వాతి కాలంలో బయటికొచ్చింది. గ్రహాల దారిని లెక్కగట్టిన మనిషైనా ముత్తాత తండ్రి విషయానికొస్తే మనలాంటివాడే.

రాతి మీద ఉన్నది చదవండి

సొంత మాట తర్వాత, కాలంలో దగ్గరగా ఉన్న సాక్ష్యం కోసం వెతకాలి. యూరప్‌లో అయితే చర్చి రిజిస్టర్లు, వీలునామాలు. మనకు శాసనాలు. భాస్కరుడి విషయంలో మన అదృష్టం పండింది. మహారాష్ట్రలో చాలీస్‌గావ్ దగ్గరి పాటణ్ అనే చోట ఆయన మనవడు చంగదేవుడు స్థాపించిన మఠానికి సంబంధించిన శాసనం ఉంది. భాస్కరుడి గ్రంథాలు చదివించడానికి ఆ మఠం. నికుంభ వంశపు పాలకుడు సోయిదేవుడు దానికి దానం ఇచ్చాడు. 19వ శతాబ్దంలో భావూ దాజీ దీన్ని వెలుగులోకి తెచ్చాడు. తర్వాత కీల్‌హార్న్ అనే పండితుడు, శాసనాల పాఠాలు అచ్చువేసే "ఎపిగ్రాఫియా ఇండికా" మొదటి సంపుటంలో పాఠంతో సహా ప్రచురించాడు. ఆ పాత సంపుటాల స్కాన్ ప్రతులు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి, పెద్ద గ్రంథాలయాల్లో అచ్చు ప్రతులు ఉంటాయి. ఎవరో రాసిన సారాంశంతో సరిపెట్టుకోకండి. శాసన పాఠం, దాని కింద సంపాదకుడి అడుగు గమనికలు రెండూ చూడండి. అసలు సందేహాలన్నీ ఆ చిన్న అక్షరాల్లోనే ఉంటాయి.

శాసనం చెప్పే వరుస ఇది: త్రివిక్రముడు, ఆయన కొడుకు భాస్కరభట్టు, తర్వాత గోవిందుడు, ప్రభాకరుడు, మనోరథుడు, మహేశ్వరుడు, భాస్కరాచార్యుడు, లక్ష్మీధరుడు, చంగదేవుడు. లక్ష్మీధరుడిని యాదవ రాజు జైత్రపాలుడు తన ఆస్థానానికి తీసుకెళ్లాడనీ, చంగదేవుడు సింఘణుడి ఆస్థాన జ్యోతిష్కుడనీ కూడా అందులో ఉంది.

తేదీ కూడా మీరే సరిచూసుకోవచ్చు. శాసనంలో శకం 1128, ప్రభవ సంవత్సరం, శ్రావణ పౌర్ణమి, చంద్రగ్రహణం అని ఉంది. 1128కి 78 కలిపితే 1206 వస్తుంది. కానీ పుస్తకాల్లో 1207 అని ఉంటుంది. ఎందుకు? ప్రభవను పట్టుకోండి. మనకు తెలిసిన ప్రభవ 1987 ఉగాదికి మొదలైంది. అక్కడి నుంచి అరవై చొప్పున పదమూడు సార్లు వెనక్కి వెళితే 1207. శక సంఖ్యకూ సంవత్సరం పేరుకూ మధ్య ఇలాంటి ఒక ఏడాది తేడా శాసనాల్లో తరచుగా కనిపిస్తుంది. దాన్ని చూసి శాసనం దొంగదనుకోకండి. పండితులు సంవత్సరం పేరుతో, గ్రహణంతో సరిపోల్చే 1207గా తీసుకున్నారు.

ఇప్పుడు మూడో గడి: చంగదేవుడికి తెలిసే దారి ఏది? తాత పేరు, ముత్తాత పేరు ఇంట్లో తెలిసేవే. అక్కడిదాకా ఇబ్బంది లేదు. పైగా బహాళ్ శాసనం అని మరొకటుంది, 1222 నాటిది. భాస్కరుడి సోదరుడు శ్రీపతి మనవడైన అనంతదేవుడిది. అందులోనూ మనోరథుడు, మహేశ్వరుడు అదే వరుసలో వస్తారు. మహేశ్వరుడి పేరు భాస్కరుడి సొంత శ్లోకంలో ఎలాగూ ఉంది. ఒక పేరుకు మూడు సాక్ష్యాలు దొరికాయంటే మధ్యయుగాల చరిత్రలో అది పండగే.

కానీ శాసనంలో పొగడ్త కూడా ఉంటుందని మరవకండి. దానం పుచ్చుకునేవాడి వంశాన్ని గొప్పగా చెప్పడం ఆనాటి మర్యాద. నా అనుభవంలో వంశావళి ఏదైనా మూడు నాలుగు తరాల వరకు మామూలు మనుషులతోనే నడుస్తుంది. ఆ పైకి వెళ్లేకొద్దీ కవిచక్రవర్తులు పుట్టుకొస్తారు. ఈ శాసనంలోనూ అన్నిటికంటే పైనున్న త్రివిక్రముడు కవిచక్రవర్తే.

తరాల లెక్క కట్టండి

ఆ త్రివిక్రముడు "నలచంపువు" రాసిన త్రివిక్రమభట్టే అన్న మాట మీకు తారసపడుతుంది. పేరు కలిసింది, ఇద్దరూ కవులే. ఇలాంటి చోట కాగితం మీద లెక్క వేయాలి. తరానికి సగటున 25 నుంచి 33 ఏళ్లు పట్టవచ్చు. 20 కంటే తగ్గినా 40 దాటినా అనుమానించండి.

నలచంపువు కర్త రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడి కాలం నాటి 915 శాసనాన్ని రచించాడు. అప్పటికి కనీసం ముప్పై ఏళ్లుంటాయనుకుంటే, పుట్టింది సుమారు 885లో. భాస్కరుడి జననం 1114. మధ్యలో 229 ఏళ్లు, ఆరు తరాలు. తరానికి 38 ఏళ్లు పడుతుంది. అసాధ్యం కాదు, కానీ లాగి పట్టిన లెక్క.

అదే శాసనంలో ఇంకో మాట ఉంది: త్రివిక్రముడి కొడుకు భాస్కరభట్టుకు భోజరాజు "విద్యాపతి" అనే బిరుదిచ్చాడు. ధారానగర భోజుడు పాలన మొదలుపెట్టింది సుమారు 1010లో. నలచంపువు కర్త కొడుకైతే భాస్కరభట్టు అప్పటికి ఎనభై దాటిన ముసలివాడై ఉండాలి. పోనీ భోజుడంటే 9వ శతాబ్దపు మిహిరభోజుడనుకుందామా? ఆయన పాలన 885 నాటికే ముగిసింది, అప్పుడు భాస్కరభట్టు తన తండ్రి కంటే పెద్దవాడవుతాడు. నలచంపువును పక్కన పెట్టి చూడండి: భాస్కరభట్టు 985 ప్రాంతంలో పుట్టి, యౌవనంలో ధారానగరంలో బిరుదు పొందాడనుకుంటే, అక్కడి నుంచి భాస్కరాచార్యుడి దాకా అయిదు తరాలకు 129 ఏళ్లు, తరానికి 26. హాయిగా సరిపోయింది. కాబట్టి ధారా భోజుడి బిరుదును నిలబెట్టుకుంటే నలచంపువు బంధుత్వాన్ని వదులుకోవాలి. రెండూ కావాలంటే కుదరదు. సందేశం పంపినవారు తరచుగా రెండూ కావాలంటారు.

పేర్ల విషయంలో ఇంకో చిన్న జాగ్రత్త. మహాభాస్కరీయం రాసిన భాస్కరుడు వేరు, ఆయన ఆర్యభటీయానికి వ్యాఖ్య రాసింది 629లో. ఇప్పుడే చూసిన భాస్కరభట్టు వేరు. ఆర్యభటులు కూడా ఇద్దరున్నారు. ఒకరి ఊరు మరొకరి ఖాతాలో పడిందేమో తేదీ చూసి తేల్చుకోండి.

ఊరు, గోత్రం

విజ్జడవిడం ఎక్కడుంది? బీజాపూర్ అన్నవారున్నారు, బీడ్ అన్నవారున్నారు, శాసనం దొరికిన పాటణ్ పరిసరాలన్నవారున్నారు. ఇక్కడ రెండు పరీక్షలు పెట్టండి. ఒకటి, ఆయన మాటలో సహ్య పర్వతం ఆనుకుని ఉండాలి. పేరులో పోలిక ఉన్నా, పటంలో కొండలకు దూరంగా ఉన్న ఊరికి ఈ పరీక్ష కష్టం. బీజాపూర్‌కు వచ్చే చిక్కు ఇదే. రెండు, శాసనం ఎక్కడుందో అక్కడే తాత పుట్టాడనుకోకండి. పాటణ్‌లో ఉన్నది మనవడి మఠం. మీ కాగితంలో ఈ వరుస దగ్గర "సహ్యాద్రి ప్రాంతపు విజ్జడవిడం" అని రాసి ఆపండి. ఇక ఆయన కర్ణాటకవాడా, మహారాష్ట్రవాడా అంటారా, ఆ రాష్ట్రాల సరిహద్దులు గీసింది 1956లో, 1960లో. కోపర్నికస్ పోలండ్‌వాడా జర్మన్‌వాడా అని ఇప్పటికీ కొట్టుకునేవారి తగువు కూడా ఈ బాపతుదే.

గోత్రం నిజమని ముందే తేల్చుకున్నాం. కానీ శాండిల్య గోత్రీకులు దేశంలో ఎన్నో ప్రాంతాల్లో, ఎన్నో శాఖల్లో ఉన్నారు. గోత్రం కలిస్తే పెళ్లి సంబంధం ఆగుతుందేమో కానీ వంశవృక్షం నిరూపణ కాదు. ఇంటిపేరు అసలే పనికిరాదు. భాస్కరుడి శ్లోకంలోనూ, ఆయన మనవడి శాసనంలోనూ ఇంటిపేరన్నది లేదు.

లీలావతి ఎవరి కూతురు?

నీటి గడియారంలో ముత్యం పడి ముహూర్తం తప్పిందనీ, కూతురి దుఃఖం మరిపించడానికి తండ్రి ఆమె పేరిట పుస్తకం రాశాడనీ కథ. మనందరికీ ఇష్టమైనదే. మొదట ఎవరన్నారు? అక్బరు ఆస్థానంలోని ఫైజీ, 1587లో, లీలావతికి చేసిన పారసీక అనువాదంలో. భాస్కరుడు గ్రంథం రాసిన నాలుగు వందల ఏళ్లకు పైగా గడిచాక. ఫైజీకి తెలిసే దారి ఏమిటన్న మూడో గడి ఖాళీ.

గ్రంథంలో ఏముంది? లీలావతి పేరు పెట్టి పిలిచిన చోటు ఉంది, లేడికళ్ల పిల్లా అని సంబోధించిన శ్లోకమూ ఉంది. అదే గ్రంథంలో మిత్రమా అనీ, గణకా అనీ, వర్తకుణ్ణి పిలిచినట్టూ లెక్కలు అడుగుతాడు. సంబోధనను బట్టి బంధుత్వం కట్టడం మొదలుపెడితే భాస్కరుడికి షావుకారు బంధువులు కూడా తేలతారు.

అలాగని కూతురు లేదని కూడా తీర్పు ఇవ్వకండి. పాటణ్ శాసనంలో లీలావతి లేదు నిజమే. కానీ ఆ శాసనం తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు అంటూ మగ వరుసనే చెబుతుంది. భాస్కరుడి తల్లి, భార్య పేర్లు కూడా ఆ వరుసలోకి రాలేదు. ఆడవాళ్లను లెక్కించని పట్టికలో ఒక ఆడపిల్ల పేరు లేదని ఏం తేలుస్తాం? సాక్ష్యం మౌనంగా ఉన్న ప్రతిచోటా, అసలు అది నోరు విప్పే సందర్భమా అని చూడాలి. ఈ వరుసలో "కథ 1587 నాటిది, అంతకుముందు ఆధారం చూపలేదు" అని రాసుకోండి.

మేమే వారసులం అన్నవారికి

మొదటి ప్రశ్న: ఆ శాస్త్రజ్ఞుడికి సంతానం ఉందా? న్యూటన్ పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. టెస్లా కూడా అంతే. వారికి నేరు వారసులమంటే అక్కడితో మాట ముగిసింది. సోదరి వైపు, పినతండ్రి వైపు బంధుత్వమైతే వేరు, అది ఏ వైపో చెప్పమనండి. భాస్కరుడికి కొడుకు, మనవడు ఉన్నారు. కానీ శాసనం చంగదేవుడి దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి నేటికి ఎనిమిది వందల ఏళ్లు, సుమారు ముప్పై తరాలు. ఒక్కో తరానికి ఒక్కో పేరు, ఆ పేరుకు ఒక్కో కాగితమో రాయో చూపించమని మర్యాదగా అడగండి. మధ్యలో ఎన్ని తరాలు తెలియవో చెప్పమంటే సగం వాదనలు అక్కడే చల్లబడతాయి.

ఇక్కడ ఒక తమాషా లెక్క. మీకు తల్లిదండ్రులు ఇద్దరు, వారి తల్లిదండ్రులు నలుగురు. ఇలా ముప్పై తరాలు రెట్టిస్తే నూట ఏడు కోట్లు దాటుతుంది. అంతమంది ఆనాడు భూమ్మీదే లేరు కాబట్టి ఒకే పూర్వీకుడు ఎన్నో దారుల్లో మళ్లీ మళ్లీ వస్తాడు. చంగదేవుడి సంతతి కొనసాగి ఉంటే ఆ రక్తం ఈపాటికి ఒక ఇంటిదో, ఒక ఇంటిపేరుదో కాదు, తమకు ఆ సంగతే తెలియని లక్షల మందిలో ఉంటుంది.

డీఎన్ఏ పరీక్ష చేయించామని ఎవరైనా అంటే, దేనితో పోల్చారని అడగండి. పరీక్షకు రెండు కొసలు కావాలి. కోపర్నికస్ విషయంలో అవి దొరికాయి: 2005లో ఫ్రోంబోర్క్ చర్చిలో బయటపడిన అస్థికలు, ఆయన వాడిన పంచాంగ గ్రంథంలో చిక్కుకుని స్వీడన్‌లోని ఉప్సాలాలో మిగిలిన వెంట్రుకలు. తల్లి వైపు నుంచి వచ్చే డీఎన్ఏ రెండింటిలో కలిసింది. ఎముకలు ఆయనవేనని దాంతో ఒప్పుకున్నారు, 2010లో తిరిగి ఖననం చేశారు. ఆయన ఏ జాతివాడన్న తగువును మాత్రం ఆ పరీక్ష తీర్చలేదు, తీర్చేది కూడా కాదు. భాస్కరుడి విషయంలో పోల్చడానికి అస్థికలూ లేవు, వెంట్రుకా లేదు. ఉమ్మినీరు సీసాలో పంపితే వచ్చే నివేదికలో ఆయన పేరు ఉండే మార్గం లేదు.

తేలినదాన్ని ఎలా రాయాలి

ఇప్పుడు కాగితం చూసి జవాబు రాయండి. అవును, కాదు అని రెండే గీతలు గీయకండి. సమకాలిక సాక్ష్యం ఉన్నది, దగ్గరి తరం చెప్పినది, చాలా తర్వాత పుట్టినది, లెక్కకు నిలవనిది అని నాలుగు మెట్లు పెట్టుకోండి. మనం తీసుకున్న సందేశానికి జవాబు ఇలా ఉండవచ్చు:

"గోత్రం, తండ్రి పేరు భాస్కరుడే చెప్పుకున్నాడు. త్రివిక్రముడు పూర్వీకుడని మనవడి 1207 శాసనం చెబుతోంది, ఆయనే నలచంపువు కర్త అనడానికి తరాల లెక్క ఒప్పుకోదు. ఊరు విజ్జడవిడం, సహ్యాద్రిని ఆనుకుని ఉన్నది, అది బీజాపూర్ అన్నది ఊహ. లీలావతి కథ 1587లో ఫైజీ రాసినది. నేటి వారసుల విషయంలో చంగదేవుడి తర్వాతి పేర్లు చూపించగలరా?"

చివరి వాక్యాన్ని ప్రశ్నగానే ఉంచండి. నిజంగానే ఎవరింట్లోనైనా తాళపత్ర వంశావళి ఉండవచ్చు. అలాంటిది బయటికొస్తే దానికీ ఈ మూడు గడులే: రాసింది ఎవరు, ఎప్పుడు, వారికి ఎలా తెలుసు. మీరు చూసిన ప్రతి పుట ఫొటో తీసి, సంపుటం సంఖ్య, పుట సంఖ్య దాని మీదే రాసి దాచుకోండి. ఇదే సందేశం ఆరు నెలల్లో ఇంకో గుంపులోంచి మళ్లీ వస్తుంది.